పాతకాలపు ఉన్ని పీకోట్లు: కొనేటప్పుడు, తొడిగేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పీకోటు కొనాలనుకునేవారు ముందుగా అడిగేది లేబుల్ గురించి, ఆ తర్వాత గుండీల మీది లంగరు బొమ్మ గురించి. గుడ్డ గురించి, భుజం కొలత గురించి అడిగేవారు తక్కువ. కోటు పదేళ్లు ఒంటి మీద ఉంటుందా, పది రోజులకే బీరువాలోకి పోతుందా అన్నది తేలేది మాత్రం ఈ రెండింటి దగ్గరే. అందుకే ఈ కింది సమాధానాల్లో కొన్ని పొడవుగా, కొన్ని రెండు ముక్కల్లో ఉంటాయి.

పీకోటు అని దేన్ని అంటారు?

దట్టమైన ఉన్ని గుడ్డతో కుట్టిన, తుంటి వరకు మాత్రమే వచ్చే, ముందువైపు రెండు వరుసల గుండీలున్న పొట్టి కోటును పీకోటు అంటారు. ఓడల మీద పనిచేసే నావికుల కోసం పుట్టిన దుస్తు కావడం వల్ల ఇందులో అలంకారంగా కనిపించేవాటికి కూడా ఒక పని ఉంది. కాలర్ అంత వెడల్పుగా ఉండేది, దాన్ని పైకి నిలబెట్టి మెడ చుట్టూ మూసుకోవడానికి. రెండు వరుసల గుండీలు పెట్టింది, ఛాతీ మీద గుడ్డ రెండు పొరలుగా వచ్చి గాలిని ఆపడానికి. జేబులు నిలువుగా చీలి ఉండేది, చేతులు పక్కనుంచి దూర్చి వెచ్చబెట్టుకోవడానికి. నిడివి తగ్గించింది, నిచ్చెనలు ఎక్కేటప్పుడు అంచు మోకాళ్లకు అడ్డుపడకుండా ఉండడానికి. ఇదే పోలికలో మోకాళ్ల దాకా దిగే అధికారుల కోటును బ్రిడ్జ్ కోటు అంటారు. తలకప్పు, దారపు ఉచ్చులు, కొయ్య గుండీలు ఉంటే అది డఫిల్ కోటు. అది వేరే జాతి.

ఆ పేరు ఎలా వచ్చింది?

ఇంగ్లీషులో ‘పీ’ అంటే బఠాణీ, కానీ బఠాణీకి, ఈ కోటుకు ఏ సంబంధమూ లేదు. డచ్చి భాషలో ముతక ఉన్ని గుడ్డను ‘పై’ అనేవారు, దానితో కుట్టిన పొట్టి కోటును ‘పైయెకర్’ అనేవారు. 18వ శతాబ్దిలో ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చి ‘పీ జాకెట్’గా స్థిరపడిందని నిఘంటువులు చెబుతాయి. ‘పైలట్ క్లాత్’ అనే గుడ్డ పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరం ‘పి’ నుంచి వచ్చిందనే కథ కూడా నావికుల్లో ప్రచారంలో ఉంది. ఫ్రెంచివారు దీన్నే ‘కబాన్’ అంటారు. 1962లో ఫ్రెంచి ఫ్యాషన్ రూపకర్త ఈవ్ సాన్ లొరాన్ తన సొంత సంస్థ పేరిట చూపిన మొదటి ప్రదర్శన ఈ కోటుతోనే మొదలైంది. నావికుల కోటు ఫ్యాషన్ దుకాణాల్లోకి, స్త్రీల దుస్తుల్లోకి చేరిన దారిలో అదొక ముఖ్యమైన మలుపు.

కొత్తవి దొరుకుతూ ఉండగా పాతదాని వెంట పడడం ఎందుకు?

బరువు కోసం. ఇప్పుడు తక్కువ ధరకు అమ్ముతున్న పీకోట్లలో చాలావాటికి పాలియెస్టర్ కలిపిన పలుచని గుడ్డ వాడుతున్నారు. ఆకారం పీకోటుదే అయినా గాలి సూటిగా లోపలికి వస్తుంది. అమెరికా నౌకాదళం తన నావికులకు ఇచ్చిన కోట్లలో గజానికి 30 నుంచి 32 ఔన్సులు, అంటే సుమారు 900 గ్రాములు తూగే గుడ్డ వాడేవారు. అలాంటి కోటును హ్యాంగర్ నుంచి ఒంటి చేత్తో తీస్తే మణికట్టు ఒక్కసారి కిందికి వంగుతుంది. అమెరికా నౌకాదళంలో 2018 నుంచి దాని స్థానాన్ని కృత్రిమ నారతో చేసిన, పార్కా అనే నల్లని చలికోటు తీసుకున్నది. బరువు తగ్గడం, వాన తట్టుకోవడం అనే విషయాల్లో పార్కాదే పైచేయి అని ఒప్పుకోవాలి.

అయితే పాతదైనంత మాత్రాన మంచిదని అనుకోకూడదు. పాత దుకాణపు కోట్లలో చింపిరి గుడ్డలను మళ్లీ పీచుగా చేసి నేసినవి చాలానే ఉన్నాయి. ఆ పీచు పొట్టిగా తెగి ఉండడం వల్ల గుడ్డ చూడడానికి మందంగా ఉన్నా మోచేతుల దగ్గర త్వరగా పలచబడుతుంది. అమెరికా లేబుళ్ల మీద అలాంటి ఉన్నిని ‘రీప్రాసెస్డ్’ అనో ‘రీయూజ్డ్’ అనో రాసేవారు. 1980లో చట్టాన్ని సవరించాక ఆ రెండు మాటల స్థానంలో ‘రీసైకిల్డ్’ వచ్చింది.

కెర్సీ, మెల్టన్ అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. తేడా ఏమిటి?

రెండూ నేసిన తర్వాత తడిపి, వేడిచేసి, దంచి, కుదించిన గుడ్డలే. ఉన్ని పీచు మీద చేపకు ఉన్నట్టు సన్నని పొలుసులుంటాయి. తేమ, వేడి, ఒత్తిడి కలిసినప్పుడు అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గుడ్డ వెడల్పు తగ్గి, దట్టంగా మారి, నేత గళ్లు కనిపించకుండా పోతాయి. గాలిని ఆపేది ఈ కుదింపే. కెర్సీ అనే పేరు ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతపు ఊరి నుంచి, మెల్టన్ అనే పేరు లెస్టర్‌షైర్‌లోని మెల్టన్ మౌబ్రే నుంచి వచ్చాయి.

చేతికి అందే తేడా చెబుతాను. కెర్సీ మీద బొటనవేలు అడ్డంగా లాగితే గుడ్డ బిగువుగా, కాస్త నునుపుగా తగులుతుంది. వెలుతురును ఏటవాలుగా పడనిచ్చి చూస్తే ఐమూలగా వెళ్లే సన్నని గీతలు లీలగా కనిపిస్తాయి. మెల్టన్ మెత్తగా, ఫెల్టులాగా ఉంటుంది, గీతలు కనిపించవు. అమెరికా నౌకాదళం 1960ల చివరి వరకు కెర్సీ వాడి, ఆ తర్వాత మెల్టన్‌కు మారింది. సేకరించేవారు కెర్సీ కోసం ఎక్కువ ఇస్తారు. ఆకారం పట్టి నిలబడే గుణం దానిదే అని నేనూ ఒప్పుకుంటాను. కానీ వెచ్చదనంలో మంచి మెల్టన్ దానికి తీసిపోదు. తొడుక్కోవడానికి కొనేవారు కెర్సీ కోసమని ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు.

కోటు ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

అమెరికా నౌకాదళపు కోటైతే లోపలి లేబులే చాలావరకు చెప్పేస్తుంది. ‘నేవల్ క్లోతింగ్ ఫ్యాక్టరీ’ అని మాత్రమే ఉండి, పొడవాటి కాంట్రాక్టు సంఖ్య లేకపోతే అది ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధకాలపుదై ఉంటుంది. ‘డీఎస్ఏ 100’ అని మొదలయ్యే సంఖ్య ఉంటే, ఆ తర్వాత గీత పక్కన వచ్చే రెండంకెలు సంవత్సరాన్ని చెబుతాయి: ‘డీఎస్ఏ 100-68’ అంటే 1968 ఆర్థిక సంవత్సరపు కాంట్రాక్టు. అక్కడి ఆర్థిక సంవత్సరం ఆ రోజుల్లో జూలై 1న మొదలయ్యేది కాబట్టి, 68 అని ఉన్నా ఒప్పందం 1967 ద్వితీయార్ధంలోనే కుదిరి ఉండవచ్చు. కోటు కుట్టింది ఆ తర్వాత. డీఎస్ఏ అంటే 1961లో ఏర్పడిన రక్షణ సరఫరా సంస్థ. 1977లో దాని పేరు డీఎల్ఏగా మారింది. లేబుల్ మీద ‘డీఎల్ఏ’ అని కనిపిస్తే కోటు 1977కు ముందుది కాదు.

లేబుల్ చిరిగిపోతే గుండీలు, జేబులు చూడాలి. లంగరు చుట్టూ 13 నక్షత్రాలున్న గుండీలు రెండో ప్రపంచ యుద్ధకాలం దాటి రావు. ఆ తర్వాతి గుండీల మీద తాడు చుట్టుకున్న లంగరు ఒక్కటే ఉంటుంది. యుద్ధకాలపు కోట్లలో జేబు లోపల చేయి పెడితే కార్డురాయ్ గీతలు తగులుతాయి. తర్వాతి దశాబ్దాలవాటిలో మామూలు నూలు గుడ్డ వచ్చింది. గుండీలు మాత్రం ఎవరైనా మార్చగలరు. ఒక్క గుండీని చూసి కాలం నిర్ణయించడం పొరపాటు. గుడ్డ, జేబు, కుట్టు, లేబుల్ అన్నీ ఒకే కాలాన్ని చెప్పాలి.

నౌకాదళానిది కాని, దుకాణంలో అమ్మిన పాత కోటు సంగతి?

వాటిని చిన్నచూపు చూడనక్కరలేదు. ధర తక్కువ, కొలతలు కాస్త ఉదారంగా ఉంటాయి. అమెరికాలో 1939లో వచ్చిన ఉన్ని లేబుళ్ల చట్టం కింద తయారీదారులకు 1941 నుంచి 1959 వరకు ‘డబ్ల్యూపీఎల్’ సంఖ్యలు ఇచ్చారు. ఆ తర్వాత ఇచ్చినవి ‘ఆర్ఎన్’ సంఖ్యలు, అవి 13670తో మొదలయ్యాయి. అయితే పాత సంఖ్య ఉన్న సంస్థ దాన్ని చాలా ఏళ్లు వాడుకుంటూనే ఉండవచ్చు. అందువల్ల ఈ సంఖ్య కోటు ఫలానా ఏటి తర్వాతిది అని చెబుతుందే తప్ప, ఫలానా ఏటికి ముందుది అని చెప్పదు. ఉతికే విధానం రాసిన పట్టీ కుట్టులోనే బిగించి ఉంటే అది 1972 తర్వాతిదని అనుకోవచ్చు, ఆ నిబంధన అమల్లోకి వచ్చింది అప్పుడే.

లేబుల్ లేదు. ఇది నిజంగా ఉన్నేనా అని ఎలా తేల్చుకోవాలి?

లోపలి అంచు మడతలో నుంచి రెండు మూడు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని నిప్పు చూపండి. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీసేయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లని పొడి వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలియెస్టర్, నైలాన్ కరిగి ముడుచుకుని, గట్టి పూసలాగా మిగులుతాయి. రెండూ కలిసిన గుడ్డలో పొడి నలుగుతుంది గానీ మధ్యలో చిన్న పూస గుచ్చుకుంటుంది. పదిహేను ఇరవై శాతం నైలాన్ ఉంటే కంగారు పడవలసిన పని లేదు. అంచులు, మోచేతులు అరగకుండా ఉండడానికి కావాలనే కలుపుతారు. సగానికి సగం కృత్రిమ నార ఉన్న కోటును మాత్రం పాతదన్న మోజుతో కొనవద్దని చెబుతాను.

కొలతలు ఎలా తీసుకోవాలి? లేబుల్ మీది సంఖ్య సరిపోదా?

సరిపోదు. పాత నౌకాదళపు కోటు మీద 38 అని ఉంటే, అది 38 అంగుళాల ఛాతీ ఉన్న మనిషికి పలుచని చొక్కా మీద బిగువుగా పట్టేటట్టు కుట్టినది. ఐరోపా కోట్ల మీద అదే కొలతను 48 అని రాస్తారు. పురుషుల కోట్లలో ఈ రెండు సంఖ్యలకూ తేడా పది. పైగా డెబ్బై ఏళ్లలో ఎవరో ఒకరు దాన్ని లోపలికి కుట్టించి ఉండవచ్చు. అందుచేత లేబుల్‌ను పక్కన పెట్టి టేపు పట్టుకోవడమే మంచిది.

ఇప్పుడు మీకు బాగా సరిపోతున్న ఒక కోటును గుండీలు పెట్టి, బల్ల మీద పరచి, ఒక చంక కింది కుట్టు నుంచి రెండో చంక కింది కుట్టు వరకు కొలవండి; దాన్ని రెట్టింపు చేస్తే కోటు ఛాతీ చుట్టుకొలత వస్తుంది. అది మీ ఒంటి ఛాతీ కొలత కన్నా నాలుగైదు అంగుళాలు ఎక్కువ ఉంటే లోపల పలుచని స్వెటర్ పడుతుంది. ఆరంగుళాలు ఉంటే మందపాటిది పడుతుంది. తర్వాత వీపు వైపు ఒక భుజపు కుట్టు నుంచి రెండో భుజపు కుట్టు వరకు, భుజపు కుట్టు నుంచి చేతి అంచు వరకు, కాలర్ కింది నుంచి కోటు అంచు వరకు కొలిచి రాసుకోండి. కొనబోయే కోటు కొలతలను ఈ నాలుగింటితో పోల్చి చూడండి.

అన్నింటిలో భుజం కొలతే మొదటిది. చేతులు పొడవైతే దర్జీ తగ్గిస్తాడు. నడుము వదులైతే పక్క కుట్లు లోపలికి తీసుకుంటాడు. ఛాతీ అరంగుళం అటూ ఇటూ అయితే గుండీల వరుసను జరిపినా చాలు, రెండు వరుసల కోటులో ఆ వెసులుబాటు ఉంది. భుజాన్ని మార్చాలంటే మాత్రం చేతులు ఊడదీసి, కాలర్ విప్పి, లోపలి దిండు తీసి, కోటును సగం మళ్లీ కుట్టినట్టే. ఇంత మందపాటి గుడ్డ మీద ఆ పని చేయడానికి చాలామంది దర్జీలు ఒప్పుకోరు. ఒప్పుకున్నా ఆ కూలికి ఇంకో కోటు వస్తుంది.

పాత కోట్లలో చేతి గుండ్రం చంకకు దగ్గరగా, పైకి ఉంటుంది. తొడిగిన మొదటి నిమిషంలో ఇరుకుగా అనిపిస్తుంది. కానీ చేయి పైకెత్తి చూస్తే కోటంతా లేవకుండా చేయి ఒక్కటే లేస్తుంది. దీన్ని తప్పుగా అర్థం చేసుకుని ఒక సైజు పెద్దది కొని, భుజాలు జారుతున్నాయని బాధపడేవారు చాలామంది.

ఫోటోలు మాత్రమే చూసి కొనవలసి వస్తే ఏమేమి అడగాలి?

అమ్మేవారిని ముందుగా పైన చెప్పిన నాలుగు కొలతలు అడగండి. టేపు పెట్టి తీసిన ఫోటో పంపేవారైతే మరీ మంచిది. తర్వాత కాలర్ మడత, చేతి అంచులు, జేబు అంచులు, చంక దగ్గరి లైనింగ్, కాజాలు దగ్గరగా తీసి పంపమనండి. కోటు అరిగితే ముందుగా అరిగేది ఈ ఐదు చోట్లే. కాలర్ కింద దాగిన గుడ్డను, భుజం మీది గుడ్డను ఒకే ఫోటోలో చూపమంటే, ఎండకు వెలిసిందో లేదో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి కిటికీ పక్కన వేలాడిన కోటుకు ఒక భుజం మాత్రమే గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఆ వెలిసిన రంగును అద్దకంతో పూడ్చడం అయ్యే పని కాదు. చివరగా, కోటును దీపానికి అడ్డంగా పట్టి ఒక ఫోటో. పురుగు కొట్టిన చోట చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తుంది. ఈ ఒక్క ఫోటో పంపడానికి ఇష్టపడని అమ్మకందారు దగ్గర నేను కొనను.

ఏ లోపాలు ఉన్నా కొనవచ్చు, వేటికి దూరంగా ఉండాలి?

గుండీలు ఊడిపోవడం లోపమే కాదు. లైనింగ్ చంకల దగ్గర చిరగడం దాదాపు ప్రతి పాత కోటులో ఉంటుంది. అతుకు వేయించినా సరే, మొత్తం మార్పించినా సరే. జేబుకు చిల్లు పడితే అరగంట పని. రెండు మూడు చిన్న పురుగు రంధ్రాలను కూడా రఫ్ఫు చేయించవచ్చు. కుదించిన గుడ్డ కోసినా పోగులు రాలదు కాబట్టి, లోపలి మడత నుంచి గోరంత ముక్క కోసి రంధ్రంలో సరిగ్గా కూర్చి వెనుక నుంచి కుడితే, దాన్ని వెతికి పట్టుకోవడం నాకే కష్టమైన సందర్భాలున్నాయి.

కాలర్ మడత వెంట గుడ్డ నూలు బయటపడేంత అరిగి ఉంటే వదిలేయండి. మోచేతులు పలచబడి వెలుతురు చొరబడుతున్నా, ఎవరో వేడినీళ్లలో ఉతికి చేతులు ఒకటి పొట్టి ఒకటి పొడవు అయి ఉన్నా కొనవద్దు. బూజు వాసన వేసి, గుడ్డను రెండు చేతులతో మెల్లగా లాగితే చిటపటమనే చప్పుడు వస్తే ఆ పీచు కుళ్లిపోయిందని అర్థం. దాన్ని ఏ దర్జీ బాగుచేయలేడు.

పాత కోటుతో ఇంట్లోకి పురుగు వస్తుందా?

వస్తుంది, నాకు వచ్చింది. కొన్నేళ్ల క్రితం ఒక అమ్మకందారు ‘శుభ్రం చేయించినది’ అని చెప్పిన మాట నమ్మి, పెట్టెలో నుంచి తీసిన కోటును తీసినట్టే ఉన్ని శాలువాల పక్కన తగిలించాను. రెండు నెలల తర్వాత శాలువా మడత విప్పితే మూడు చోట్ల వేలు దూరింది. అప్పుడు కోటు కాలర్ ఎత్తి, కింది కుట్టు వెంట బ్రష్షు గీశాను. తెల్ల కాగితం మీద సన్నని ఇసుక రేణువుల్లాంటివి రాలాయి, ముదురు నీలం రంగులో. అవి పురుగు విసర్జించిన గుళికలు. తిన్న గుడ్డ రంగే వాటికీ ఉంటుంది. రంధ్రం పడకముందే పురుగు ఉనికిని చెప్పే గుర్తు అది. ఇప్పుడు ఏ కోటు వచ్చినా మొదట తెల్ల కాగితం పరుస్తాను.

ఉన్నిని తినేది రెక్కల చిమ్మెట కాదు, దాని పిల్లపురుగు. రెక్కలు వచ్చాక అది అసలు ఏమీ తినదు. గుడ్లు పెట్టి చనిపోతుంది. పిల్లపురుగుకు ఉన్నిలోని కెరటిన్ అనే మాంసకృత్తు అరుగుతుంది, చెమట, మరకలు అంటిన చోటు మరింత ఇష్టం. కాలర్ కింద, చంకల్లో, జేబు మూలల్లో ముందుగా కొట్టేది అందుకే. కొత్తగా వచ్చిన కోటును గాలి చొరని సంచిలో మూసి, సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీసిన తర్వాత సంచిని వెంటనే విప్పవద్దు. లోపలి చలి పూర్తిగా తగ్గాక విప్పితే గుడ్డ మీద తేమ పట్టదు. ఫ్రీజర్‌లో చోటు లేకపోతే డ్రై క్లీనింగ్ చేయించినా గుడ్లతో సహా నశిస్తాయి. ఏదో ఒకటి జరిగే వరకు ఆ కోటును మిగతా ఉన్ని దుస్తుల దరిదాపుల్లోకి రానివ్వకండి.

కలరా ఉండల వాసన వదలడం లేదు. ఏం చేయాలి?

ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఘనరూపం నుంచి నేరుగా ఆవిరిగా మారుతుంది కాబట్టి దాన్ని వదిలించేది గాలే, సబ్బు కాదు. నీడలో, గాలి బాగా తగిలే చోట, లోపలి భాగం బయటికి తిప్పి వేలాడదీయండి. వారం పట్టవచ్చు, మూడు వారాలూ పట్టవచ్చు. అత్తరు చల్లితే రెండు వాసనలు అవుతాయి. ఆ ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు గనుక పడకగదిలో మాత్రం ఆరబెట్టవద్దు.

ఎంత చలి వరకు పీకోటు సరిపోతుంది?

లోపల ఏముంది, గాలి ఎంత ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. నా అనుభవంలో, దట్టమైన పాత కోటు ఒక పలుచని స్వెటర్ మీద పది డిగ్రీల నుంచి సున్నా వరకు హాయిగా ఉంటుంది; మందపాటి స్వెటర్, మఫ్లర్, చేతి తొడుగులు కలిస్తే ఇంకో ఐదారు డిగ్రీలు దిగువకు కూడా నడవవచ్చు. కదలకుండా నిలబడవలసి వస్తే ఈ లెక్క చెల్లదు. అంతకన్నా చలిలో లోపం గుడ్డది కాదు, నిడివిది: తొడలు చలికి వదిలేసి ఛాతీని ఎంత కప్పినా వణుకు ఆగదు. అలాంటి చోట పొడవాటి కోటే మేలు. పది డిగ్రీల పైన, చురుగ్గా నడిచేవారికి ఇది భారమే.

ఉన్ని వెచ్చదనం వెనుక రెండు కారణాలున్నాయి. వంకీలు తిరిగిన పీచుల మధ్య గాలి కదలకుండా నిలిచిపోతుంది, ఒంటి వేడిని బయటికి పోనివ్వనిది ఆ గాలి. రెండోది, ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం వరకు తేమను, చేతికి తడి తెలియనివ్వకుండా పీల్చుకుంటుంది. అలా పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. వెచ్చని గదిలోంచి తేమగా ఉన్న చలిలోకి అడుగుపెట్టినప్పుడు ఉన్ని కోటులో ఒక్కసారిగా చలి తగలకపోవడానికి ఇదొక కారణం.

కాలర్, గుండీలు ఎలా వాడుకోవాలి?

మామూలుగా పై గుండీ వదిలి మిగతావి పెట్టుకుంటారు. గాలి ఎక్కువైతే కాలర్ మొత్తం పైకి నిలిపి, కాలర్ కింద దాగిన గుండీని పెట్టి, మెడ ముందు చిన్న పట్టీ ఉంటే దాన్ని కూడా బిగించాలి. అప్పుడు మఫ్లర్ అవసరం సగం తగ్గుతుంది. నిలబెట్టిన కాలర్ కూలిపోకుండా ఉండడానికే దాని అడుగున వరుసలు వరుసలుగా కుట్లు వేసి ఉంటాయి. ఆ కుట్లు వదులైన కోటులో కాలర్ తడిసిన కాగితంలా వాలిపోతుంది. కోటు అన్ని గుండీలూ విప్పి తొడగడం దీనికి నప్పదు. రెండు పొరల గుడ్డ ముందు రెక్కల్లా ఊగుతూ, బరువంతా భుజాల మీద పడుతుంది.

వానలో తడిస్తే పాడవుతుందా?

చినుకులు పైనే నిలుస్తాయి, దులిపేస్తే పోతాయి. జోరువానలో అరగంట ఉంటే మాత్రం కోటు నీళ్లు తాగి, బరువెక్కి, ఆరడానికి రెండు రోజులు తీసుకుంటుంది. వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించి, గుండీలు పెట్టి, జేబుల్లో వస్తువులు తీసేసి, గాలి ఆడే చోట ఆరనివ్వండి. హీటర్ దగ్గర, ఎండలో ఆరబెడితే పీచు పెళుసవుతుంది. పూర్తిగా ఆరాక నూగు వాలు వైపు బ్రష్షు చేయండి.

ఉతకవచ్చా?

యంత్రంలో వేయకూడదు. పైన చెప్పిన తేమ, వేడి, ఒత్తిడి మూడూ అక్కడ మళ్లీ కలుస్తాయి, గుడ్డ ఇంకా కుదించుకుపోతుంది. లోపలి లైనింగ్ కుదించుకోదు కనుక సంచిలా వేలాడుతుంది. చలికాలం ముగిశాక ఒక్కసారి డ్రై క్లీనింగ్ చాలు. మిగతా రోజుల్లో గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో పైనుంచి కిందికి దులపడం, రాత్రంతా గాలికి వేలాడదీయడం కన్నా చేయవలసింది లేదు. మరక పడితే చల్లని నీటిలో ముంచి పిండిన గుడ్డతో అద్దండి, రుద్దకండి. ముడతలకు ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనించవద్దు. ఆవిరి పట్టిస్తే చాలు, లేకపోతే తడి గుడ్డ పరచి పైనుంచి ఇస్త్రీ చేయండి. ఆనిస్తే నూగు అణిగిపోయి, జీవితాంతం మెరిసే మచ్చ పడుతుంది.

వేసవిలో ఎలా దాచాలి?

శుభ్రం చేయించకుండా దాచవద్దు. పురుగుకు కావలసింది మాసిన ఉన్నే. జిప్పు ఉన్న గుడ్డ సంచిలో, వెడల్పాటి హ్యాంగర్ మీద, చీకటిగా, పొడిగా ఉన్న చోట ఉంచండి. సన్నని తీగ హ్యాంగర్ ఈ బరువుకు భుజాలు పొడుచుకువచ్చేటట్టు చేస్తుంది. దేవదారు చెక్క, లవంగాల వాసన పురుగును కొంత దూరం పెడితే పెట్టవచ్చు గానీ, లోపల ఉన్న గుడ్లను చంపదు. నెలకోసారి తీసి, దులిపి, కాలర్ కింద చూడడం వాటికన్నా నమ్మకమైన పని.

చేతి మీద హోదా గుర్తులు ఉన్న కోటు తొడగవచ్చా?

సాదా కోటుకు అభ్యంతరం లేదు. హోదా చిహ్నాలు మాత్రం ఆ హోదా సంపాదించినవారివి. సైనిక దుస్తుల వాడకం మీద కొన్ని దేశాల్లో ఆంక్షలూ ఉన్నాయి. విప్పించి, కోటుతో పాటే భద్రపరచుకోవడం మర్యాద. విప్పిన చోట గుడ్డ కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది, అక్కడ ఎండ తగలలేదు కాబట్టి. దాన్ని అలా వదిలేయండి.

లోపల ఎవరిదో పేరు ముద్రించి ఉంది. చెరపాలా?

నావికులు తమ పేరును లోపలి వైపు అచ్చుపలకతో తెల్ల రంగు వేసి రాసుకునేవారు. ఒకే రంగు కోట్లు వరసగా వేలాడే చోట ఎవరిది ఏదో తెలియడానికి వేరే దారి లేదు. ఆ రంగు గుడ్డలోకి ఇంకిపోయి ఉంటుంది. దాన్ని తీయడానికి వాడే ద్రావకం లైనింగ్‌ను ముందుగా పాడుచేస్తుంది, పేరు మసకబారుతుందే తప్ప పోదు. నా దగ్గరున్న ఒక కోటులో ఒక పేరు కొట్టేసి, దాని కింద ఇంకో పేరు ఉంది. రెండో పేరు రాసినాయన చివరి అక్షరానికి చోటు చాలక దాన్ని కుట్టు మీదుగా జేబు అంచు పైకి ఎక్కించాడు.